తోర్వా మీదుగా పోయే పదహారు కిలోమీటర్ల అల

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ స్టేషన్ నుంచి రాయ్‌పూర్ దిక్కుగా వెళ్తే బిల్హా వస్తుంది. దూరం పదహారు, పదిహేడు కిలోమీటర్లు. ఒకే ఒక్క రేడియో అల అంత పొడవుంటుందంటే నమ్మబుద్ధి కాదు. కానీ అలాంటి అలలు సెకనుకు 18,200 చొప్పున బిలాస్‌పూర్‌లోని తోర్వా పేట మీదుగా సాగిపోతున్నాయి. రైల్వే క్వార్టర్ల గోడల్లోంచి, అర్పా నది ఇసుక మీంచి, బొగ్గు వ్యాగన్ల మీంచి, ఎవరికీ అడ్డం రాకుండా, ఎవరి కంటా పడకుండా పోతాయి. వాటిని పట్టుకోవడానికి కావలసిన సరుకు ఒక చెక్క చట్రం, కొంత తీగ, ఇంట్లో పడివున్న పాత ల్యాప్‌టాప్. డబ్బుతో కొనలేనిది ఒకటుంది, అది మంచి చోటు.

ఈ అలలు పుట్టేది తమిళనాడు తిరునెల్వేలి జిల్లా విజయనారాయణంలో. అక్కడ భారత నౌకాదళానికి ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ అనే ప్రసార కేంద్రం ఉంది. 1990 నుంచి పనిచేస్తోంది. 2014 జూలై 31న దానికి కొత్త ప్రసార వ్యవస్థ చేరింది. ప్రపంచంలో ఈ తరంగాలు వినేవాళ్లంతా దాన్ని వీటీఎక్స్ అనే పిలుపు గుర్తుతోనే ఎరుగుదురు. తోర్వాకు అది సుమారు 1,600 కిలోమీటర్లు. అల అయిదు మిల్లీసెకన్లలో వచ్చేస్తుంది.

నౌకాదళానికి ఇంత పొడవాటి అలతో ఏం పని? సముద్రపు ఉప్పునీరు విద్యుత్తును బాగా ప్రవహింపజేస్తుంది, అందుకే రేడియోను మింగేస్తుంది. ఎఫ్ఎం రేడియో అల ఆ నీటిలో రెండు మూడు సెంటీమీటర్లు దిగేసరికే నీరసిస్తుంది. 18 కిలోహెర్ట్జ్ అల బలం మూడో వంతుకు పడిపోవడానికి రెండు మీటర్ల దాకా పడుతుంది. కాబట్టి పది పదిహేను మీటర్ల లోతున ఉన్న జలాంతర్గామి కూడా పైకి తేలకుండానే ఆజ్ఞ అందుకోగలదు. ఆ ఆజ్ఞలు సంకేత భాషలో ఉంటాయి. వాటిని చదవడం మన పని కాదు, చదవలేం కూడా. మనం కొలిచేది అల బలాన్ని ఒక్కదాన్నే. దారి పొడవునా ఆకాశం ఆ అలను ఏం చేసిందో ఆ బలమే చెబుతుంది.

తెలుగు పాఠకులకు ఈ సంగతి మరో పేరుతో తెలుసు: దామగుండం. వికారాబాద్ జిల్లా పూడూరు మండలంలోని ఆ అడవిలో నౌకాదళపు రెండో వీఎల్ఎఫ్ (అతి తక్కువ ఫ్రీక్వెన్సీ) కేంద్రానికి 2024 అక్టోబరు 15న రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు. 2,900 ఎకరాల అటవీ భూమి, 3,200 కోట్ల రూపాయల అంచనా, 2027కల్లా పూర్తి చేయాలన్న లక్ష్యం. మూసీ పుట్టే అనంతగిరి కొండలకు చేరువలో అన్ని చెట్లు పోతాయన్న ఆందోళన న్యాయమైనది, దాన్ని కొట్టిపారేయలేం. అయితే ఆ వాదంలో చాలామంది, పత్రికలు సైతం, దాన్ని నేవీ రాడార్ అని రాశారు. అది రాడార్ కాదు. రాడార్ అలను వదిలి, దేనికో తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వని కోసం చూస్తుంది. ఇది వదలడమే తప్ప తిరిగి రాబట్టుకునేది కాదు. ఏ ప్రాజెక్టునైనా ఎదిరించే ముందు, సమర్థించే ముందు, అది ఏమిటో సరిగ్గా పేరు పెట్టి పిలవడం మంచిది. సముద్రం లేని వికారాబాద్‌లో జలాంతర్గాములకు కేంద్రమేమిటని వెక్కిరించినవాళ్లకు జవాబు కూడా అల పొడవులోనే ఉంది. ఈ అలలు వెయ్యి కిలోమీటర్లు నడిచినా పెద్దగా అలసిపోవు.

ఎందుకు అలసిపోవంటే, వాటికి పైనా కిందా గోడలున్నాయి. కింద నేల. పైన, పగలైతే సుమారు 70 కిలోమీటర్ల ఎత్తున, రాత్రయితే 85, 90 కిలోమీటర్ల ఎత్తున అయనావరణం మొదలవుతుంది. సూర్యకాంతి అక్కడి అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టి ఆ గాలిని విద్యుద్వాహకంగా మారుస్తుంది. పదహారు కిలోమీటర్ల అలకు ఆ అంచు గట్టి పైకప్పులాగే పనిచేస్తుంది. నేలకూ కప్పుకూ మధ్య అల జారుకుంటూ ఖండాలు దాటుతుంది. తోర్వాలో చాలా తెలుగు కుటుంబాల పెద్దలు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బీఎన్ఆర్) రోజుల్లో రైల్వే పనికి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచే వచ్చారు. ఆ విశాఖలోనే, వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, ఆచార్య బి. రామచంద్రరావు ఈ అయనావరణం మీద పెద్ద పరిశోధనా బృందాన్ని తయారుచేశారు. కాబట్టి ఈ విద్య తోర్వా తెలుగువాళ్లకు మరీ పరాయిది కాదు.

ఇక పట్టుకోవడం సంగతి.

18,200 హెర్ట్జ్ అన్న అంకెను మళ్లీ చూడండి. మనిషి చెవి వినగల శబ్దాల హద్దు 20,000 హెర్ట్జ్ అంటారు. రేడియో అల శబ్దం కాదు గనక చెవికి వినబడదు, కానీ సెకనుకు అది కంపించే సంఖ్య శబ్దాల హద్దులోనే ఉంది. ల్యాప్‌టాప్‌లోని సౌండ్ కార్డు సెకనుకు 48,000 సార్లు కొలత తీస్తుంది, అంటే అందులో సగం, 24,000 హెర్ట్జ్ దాకా అది చూడగలదు. కాబట్టి మైకు పెట్టే రంధ్రంలో మైకుకు బదులు తీగచుట్ట పెడితే ఆ ల్యాప్‌టాపే రేడియో. మధ్యలో వేరే రిసీవరు అక్కర్లేదు. ట్యూనింగ్, వడపోత అంతా సాఫ్ట్‌వేర్ చేస్తుంది. స్పెక్ట్రమ్ ల్యాబ్ లాంటి ఉచిత ప్రోగ్రాములు ఇందుకోసమే ఉన్నాయి.

తీగచుట్టను మీటరు పొడవు, మీటరు వెడల్పు చెక్క చట్రం మీద 50 చుట్లు చుట్టారనుకోండి. లెక్క వేస్తే, ఈ అలకు అది 2 సెంటీమీటర్ల పొడవున్న కడ్డీతో సమానం. నిరుత్సాహపడకండి. వీటీఎక్స్ తోర్వాకు వచ్చేసరికి ఆ చుట్టలో పుట్టే వోల్టేజీ మైక్రోవోల్టుల్లో ఉంటుంది. ఒక చిన్న ఆంప్లిఫయరు చిప్, బ్యాటరీతో నడిచేది, దాన్ని సౌండ్ కార్డుకు చాలినంత పెంచుతుంది. పెద్ద ఏంటెనా వేస్తే ఇంకా బాగుంటుందా? ఉండదు. ఇక్కడే వీఎల్ఎఫ్ మిగతా రేడియో కన్నా వేరు. ఈ ఫ్రీక్వెన్సీల్లో గాలిలోనే రొద ఎక్కువ. ఏంటెనా పదింతలు చేస్తే సిగ్నలూ పదింతలవుతుంది, రొదా పదింతలవుతుంది. నిష్పత్తి మారదు. ఆ నిష్పత్తి మారేది చట్రం పెట్టే చోటును బట్టి, తిప్పే దిక్కును బట్టి.

చోటు విషయంలో తోర్వాకు పెద్ద చిక్కు. రైలు పట్టాల మీద తీగలో పారేది 25 కిలోవోల్టుల, 50 హెర్ట్జ్ కరెంటు. ఆ 50 ఒక్కటే అయితే వడగట్టేయొచ్చు. కానీ లోకోలోని రెక్టిఫయర్లు కరెంటును ముక్కలుగా లాక్కుంటాయి. అప్పుడు 150, 250, 350 హెర్ట్జ్, అలా బేసి గుణిజాలు వరసగా పుడతాయి, కిలోహెర్ట్జ్‌ల దాకా పాకుతాయి. పాంటోగ్రాఫ్ తీగను ఒరుసుకుని నిప్పురవ్వ రాలినప్పుడల్లా అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ ఒక పోటు. లోడుతో ఉన్న బొగ్గు రైలు కోర్బా నుంచి వచ్చి కదులుతున్నప్పుడు రికార్డింగులో అది కొట్టొచ్చినట్టు కనిపించాలి. రైల్వే టెలికాం వాళ్లకిది పాత తగువే. విద్యుదీకరణ వచ్చాక పట్టాల పక్క స్తంభాల మీది టెలిఫోను తీగలను భూమిలో కేబుళ్లుగా పాతిపెట్టాల్సి వచ్చింది ఈ ఝుమ్మనే రొద వల్లే. ఇది చాలదన్నట్టు చాంపా దగ్గర 800 కిలోవోల్టుల డైరెక్ట్ కరెంటు లైను మొదలవుతుంది. కురుక్షేత్ర దాకా పోయే ఆ లైనుకు ఏసీని డీసీగా మార్చే కేంద్రం అక్కడే. అలాంటి యంత్రాలన్నీ 50 హెర్ట్జ్ గుణిజాలు పుట్టించేవే, వాటిని తగ్గించడానికి వడపోతలు పెట్టినా సరే.

ఇంటి లోపల పరిస్థితి ఇంకా హీనం. ఫోను చార్జరు, ఎల్ఈడీ బల్బు, ఇన్వర్టరు, టీవీ, అన్నిట్లోనూ పదుల కిలోహెర్ట్జ్‌ల వేగంతో ఆన్-ఆఫ్ అయ్యే సర్క్యూట్లున్నాయి. పాత పిక్చర్ ట్యూబు టీవీలైతే సరిగ్గా 15,625 హెర్ట్జ్ దగ్గర కేక పెట్టేవి. అవి పోయి మేలు చేశాయి. సోలాపురి మాత పూజల రోజుల్లో పందిళ్ల మీద సీరియల్ లైట్లు వెలిగితే ఆ వారం రికార్డింగు మీద ఆశ వదులుకోవచ్చు. పండగ మానేయమని ఏ శాస్త్రమూ చెప్పదు.

అయినా తోర్వా విషయంలో భూగోళం ఒక ఉపకారం చేసింది. స్టేషన్ నుంచి చాంపా వైపు మెయిన్ లైను దాదాపు తూర్పుకు పోతుంది. తీగలో కరెంటు పారితే అయస్కాంత క్షేత్రం తీగ చుట్టూ వలయాలుగా తిరుగుతుంది, తీగ పొడవునా ఉండదు. అంటే ఆ లైను రొదలో తూర్పు పడమరల వైపు చూసే అయస్కాంత క్షేత్రం దాదాపు సున్న. ఇప్పుడు చట్రాన్ని నిలువుగా, దాని తలం ఉత్తర దక్షిణాలుగా ఉండేట్టు పెట్టండి. అలాంటి చట్రం తూర్పు పడమరల క్షేత్రాన్నే పట్టుకుంటుంది గనక రైలు తీగ రొదకు అది చెవిటి. విజయనారాయణం ఎటుంది? దక్షిణానికి కొంచెం పడమరగా, పదిహేడు డిగ్రీల వాలుతో. చట్రం తలం ప్రసారం వచ్చే దిక్కు వెంబడి ఉన్నప్పుడే అది బాగా పట్టుకుంటుంది. అంటే రొదను తప్పించే దిక్కూ, సిగ్నలును పట్టే దిక్కూ ఇంచుమించు ఒకటే అయ్యాయి. ఇదే చట్రం ఉత్తర దక్షిణాలుగా పోయే లైను పక్కన ఉన్న ఊళ్లో ఉంటే, రెండిట్లో ఏదో ఒకటి వదులుకోవాల్సి వచ్చేది. ఇళ్ల తీగలకు మాత్రం ఈ ఉపకారం లేదు, అవి అన్ని దిక్కులా ఉంటాయి. అందుకని చట్రం మేడ మీదికి, గోడలకు దూరంగా. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద. కరెంటు పోయిన పది నిమిషాలను విసుక్కోకుండా వాడుకోండి, పేటంతా నిశ్శబ్దమయ్యే సమయం అదే.

ఇలా రోజంతా వీటీఎక్స్ బలాన్ని గీతగా గీస్తే కనిపించే మొదటి సంగతి సూర్యోదయం. రాత్రి ఎత్తున ఉన్న పైకప్పు పొద్దున కిందికి దిగుతుంది, ఆ దిగుతున్న సేపట్లో అల వేర్వేరు దారుల్లో వచ్చి తనను తానే కొట్టేసుకుంటుంది. గీతలో లోయ పడుతుంది. సాయంత్రం మళ్లీ అంతే. ఇందులో బిలాస్‌పూర్‌కు ఒక సౌకర్యం ఉంది. భారత కాలమానానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం ఆ ఊరికి చాలా దగ్గర, తేడా నిమిషంన్నర. ఏడాది సగటున గోడ గడియారమే దాదాపు సూర్యుడి గడియారం. విజయనారాయణం పడమరగా ఉంది గనక విషువత్తుల రోజుల్లో అక్కడ పొద్దు పొడవడానికి పదిహేడు నిమిషాలు ఆలస్యం. ఆ నిమిషాలన్నీ అల దారిలో కొంత పగలు, కొంత రాత్రి.

రెండోది సౌర జ్వాల. సూర్యుడి మీద పేలుడు జరిగితే ఎక్స్ కిరణాలు ఎనిమిది నిమిషాల్లో వచ్చి, మామూలుగా ఎలక్ట్రాన్లను ఊడగొట్టే కిరణాలు అంతగా దిగలేని లోతుకు దిగి, పైకప్పును ఒక్కసారిగా కిందికి లాగుతాయి. గీత నిమిషాల్లో ఎగిరి లేదా పడి, మెల్లగా, కొన్నిసార్లు గంట పైగా తీసుకుని, మామూలుకు వస్తుంది. పగలే కనిపిస్తుంది, రాత్రి సూర్యుడు భూమికి అవతల ఉంటాడు గదా. 2024 ఈ పాఠానికి మంచి సంవత్సరం. మే 11న ఎక్స్5.8 తరగతి జ్వాల మన టైము ప్రకారం ఉదయం 6:53కి శిఖరానికి చేరింది, తోర్వాలో పొద్దెక్కిన వేళ. మే 14న అంతకన్నా పెద్దది, ఎక్స్8.7, రాత్రి 10:21కి వచ్చింది. మన దేశపు వీఎల్ఎఫ్ దారులకు అది లేనట్టే. అక్టోబరు 3న ఎక్స్9.0 జ్వాల సాయంత్రం 5:48కి వచ్చింది. సరిగ్గా అప్పుడే బిలాస్‌పూర్‌లో సూర్యాస్తమయం. నేల మీద పొద్దు గుంకినా 70 కిలోమీటర్ల ఎత్తున ఇంకా వెలుగుంటుంది, తమిళనాడు వైపు మరి కొంతసేపు పగలుంటుంది. అస్తమయపు లోయ మీద జ్వాల గుర్తు పడిన అలాంటి గీత నేర్చుకునేవాడికి పెద్ద కానుక. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య ఎల్1 మీది ఎక్స్ కిరణాల పరికరాలు కొలిచేది కూడా ఈ జ్వాలలనే. అది పదిహేను లక్షల కిలోమీటర్ల దూరాన నేరుగా చూస్తుంది, మీ చట్రం ఆ జ్వాల ఆకాశానికి చేసిన పనిని చూస్తుంది.

ఈ పద్ధతితో మన దేశంలో అసలైన విజ్ఞానం జరిగింది. 2009 జూలై 22 సంపూర్ణ సూర్యగ్రహణం రోజున కోల్‌కతాలోని ఇండియన్ సెంటర్ ఫర్ స్పేస్ ఫిజిక్స్ వాళ్లు దేశంలో చాలాచోట్ల తీగచట్రాలు పెట్టి ఈ వీటీఎక్స్ అలనే విన్నారు. గ్రహణపు నీడ కాసేపు రాత్రిని తెచ్చి పైకప్పును ఎలా ఎత్తిందో లెక్క కట్టారు. అలహాబాద్, వారణాసి, నైనితాల్‌లలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం రూపొందించిన రిసీవర్లు అంతకుముందే వచ్చాయి. వాళ్ల పరికరాలు మెరుగైనవే, కానీ వాళ్లు వినే గాలీ తోర్వా గాలే.

నౌకాదళపు అలను ఇంట్లో వినొచ్చు. మెరుపుల్ని వినాలంటే మాత్రం ఊరు దాటాలి. భూమి మీద ఎక్కడో ఒకచోట సెకనుకు నలభైకి పైగా మెరుపులు మెరుస్తుంటాయి. ఒక్కో మెరుపూ రేడియో అలను చిమ్ముతుంది, దాని బలం అయిదు నుంచి పది కిలోహెర్ట్జ్ మధ్య ఎక్కువ. ఇయర్‌ఫోన్‌లో పెడితే చిటపటలు. రాత్రిపూట దూరం నుంచి వచ్చినవాటికి తోక ఉంటుంది: ట్వీక్, ట్వీక్ అని, కిందికి జారి 1,700 హెర్ట్జ్ దగ్గర ఆగే స్వరం. అక్కడే ఎందుకు ఆగాలి? నేలకూ పైకప్పుకూ మధ్య సగం అల పట్టాలి, పైకప్పు ఎత్తు 88 కిలోమీటర్లయితే లెక్క 1,700 చిల్లరకు వస్తుంది. అంటే ఒక స్వరం విని ఆకాశపు ఎత్తు చెప్పొచ్చు. కానీ ఆ 1,700 చుట్టుపక్కలే రైలు తీగల గుణిజాలు రాజ్యం చేస్తుంటాయి. కాబట్టి మీటరు కడ్డీ, ఒక ఎఫ్ఈటీ ట్రాన్సిస్టరు, తొమ్మిది వోల్టుల బ్యాటరీతో చిన్న పెట్టె చేసుకుని, పట్టాలకూ హైటెన్షన్ లైన్లకూ కిలోమీటర్ల దూరంగా పొలాల్లోకి పోవాలి. తోర్వా ఛఠ్ ఘాట్ దగ్గర అర్పా ఒడ్డు విశాలమే గానీ రైలుకు మరీ దగ్గర. తలమీద ఉరుము వినిపిస్తే మాత్రం కడ్డీ మడిచి ఇంటికి పరుగెత్తండి. వందల కిలోమీటర్ల అవతలి మెరుపులే వినడానికి చాలు. రైలు తీగ దగ్గర, పట్టాల దగ్గర ఏ ప్రయోగమూ చేయకండి.

విస్లర్లు అనే ఈలలు ఇంకొకటి. మెరుపు అల అయస్కాంత రేఖ వెంట అంతరిక్షంలోకి పోయి, భూమి అవతలి అర్ధగోళంలో దిగి, దారిలో సాగిపోయి ఈలగా మారుతుంది. ఎల్.ఆర్.ఓ. స్టోరీ 1953లో దీన్ని విప్పి చెప్పాడు. మన అక్షాంశాల్లో అవి అరుదు. వారణాసి వాళ్లు పట్టారు గానీ మీరు మొదటి రాత్రే ఆశపెట్టుకోకండి.

ఇక ఔత్సాహికులు, అంటే హామ్‌లు, తామే పంపే అలలు. 135.7 నుంచి 137.8 కిలోహెర్ట్జ్ పట్టీని 2007 ప్రపంచ రేడియో సమావేశం హామ్‌లకు ఇచ్చింది, ఒక వాట్ మించని శక్తితో. ఇంకా కిందికి, 8.3 కిలోహెర్ట్జ్ లోపల అంతర్జాతీయంగా ఎవరికీ కేటాయింపు లేదు. ఐరోపాలో కొందరు హామ్‌లు ఆ చుట్టుపక్కల ఫ్రీక్వెన్సీల్లో గాలిపటానికి వందల మీటర్ల తీగ కట్టి ప్రసారం చేశారు. అంత చేసినా గాలిలోకి పోయే శక్తి అతి స్వల్పం. అవతలివాడు గంటల తరబడి కొలతలు కూడబెట్టి ఒక్కో అక్షరం రాబట్టాలి. మన దేశంలో ప్రసారం చేయాలంటే కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ లైసెన్సు తప్పనిసరి. 1983 నుంచి హైదరాబాద్‌లో ఉన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఆ దారి చూపిస్తుంది.

రైల్వేవాళ్లకు నచ్చే కేంద్రం మాత్రం స్వీడన్‌లోని గ్రిమెటన్. 1924 నాటిది. అందులో వాల్వు లేదు, ట్రాన్సిస్టరు లేదు. మోటారు తిప్పే ఒక ఉక్కు చక్రమే 17.2 కిలోహెర్ట్జ్ కరెంటును పుట్టిస్తుంది. 2004లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఏటా జూలై మొదట్లో ఒక ఆదివారం, మళ్లీ డిసెంబరు 24న, స్వచ్ఛంద సేవకులు ఆ చక్రాన్ని తిప్పి మోర్స్‌లో సందేశం పంపుతారు. తోర్వాకు అది 6,700 కిలోమీటర్లు, పైగా ఫ్రీక్వెన్సీలో పక్కనే మన వీటీఎక్స్ హోరు. దొరికితే గొప్పే, దొరక్కపోతే మీ చట్రం తప్పేమీ లేదు.

తోర్వాలోనో, ఖరగ్‌పూర్‌లోనో, వాల్తేరులోనో ఇంటర్ చదివే పిల్లలున్న ఇంటికి నా మనవి ఒకటే. చట్రం కట్టే పని దామగుండం ప్రసారం మొదలయ్యేలోపే పెట్టుకోండి. తోర్వాకు అది 700 కిలోమీటర్ల దూరమే, విజయనారాయణం దూరంలో సగం కూడా లేదు. అది మోగడం మొదలయ్యాక దానికి ముందు ఈ పట్టీ ఎలా ఉండేదో తిరిగి కొలవడం ఎవరి వల్లా కాదు. తేదీ, టైము, చట్రం దిక్కు, ఆ రోజు ఉరుములు, ఊళ్లో పండగలు రాసిపెట్టుకుంటూ ఇప్పటి నుంచే రికార్డు చేయండి.